జెర్మాట్‌లో మంచు ఏడాదంతా ఉంటుంది, మీరు వెళ్లాల్సిన నెల మాత్రం వేరు: బెజవాడ, గుంటూరు కుటుంబాలకు

స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో 365 రోజులూ స్కీయింగ్ ఉంటుందని ప్యాకేజీ బ్రోషర్లలో రాస్తారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే వేసవిలో ఆ స్కీయింగ్ ఊరి దగ్గర ఉండదు. ఊరు 1,608 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఏడాది పొడవునా స్కీ చేయగలిగే థియోడుల్ హిమానీనదం మాత్రం మాటర్‌హార్న్ గ్లేసియర్ ప్యారడైజ్ అనే కేబుల్ కార్ స్టేషన్ దగ్గర ఉంది. ఆ స్టేషన్ ఎత్తు 3,883 మీటర్లు. చలికాలంలో ఇటలీ వైపు చెర్వీనియాతో కలుపుకుని 360 కిలోమీటర్ల స్కీ దారులు తెరుస్తారు. నడివేసవిలో మిగిలేవి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే, అవీ మధ్యాహ్నం దాకానే. అందుకని టికెట్ల జోలికి వెళ్లేముందే ఇంట్లో ఒక మాట తేల్చుకోండి: స్కీయింగ్ నేర్చుకోవాలా, మంచు చూసొస్తే చాలా, కొండల్లో నడవాలా? మూడింటికీ మూడు వేర్వేరు నెలలు.

సెలవులు మనవి, సీజన్ వాళ్లది

మన పిల్లలకి పెద్ద సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. ఇక్కడ రోడ్లు సెగలు కక్కుతుంటాయి కాబట్టి మే నెలలో మంచు కొండలకి పోదామనిపించడం సహజం. జెర్మాట్‌కి మాత్రం మే నెల రెండు సీజన్ల మధ్య ఖాళీ. చాలా హోటళ్లు, రెస్టారెంట్లు తలుపులేసుకుంటాయి, కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టులు కొన్ని మరమ్మతుల్లో ఉంటాయి, నడక దారుల మీద పై ఎత్తుల్లో ఇంకా మంచు ఉంటుంది, చెరువులు గడ్డకట్టి ఉంటాయి. అంటే మాటర్‌హార్న్ శిఖరం నీళ్లలో తలకిందులుగా కనపడే ఆ ఫొటో మే నెలలో దొరకదు. బదులుగా గదులు చవక, జనం తక్కువ, పైన మంచు పుష్కలం. మంచు ముట్టుకుని, ఫొటోలు దిగి వస్తే చాలనుకునే కుటుంబానికి మే ఫర్వాలేదు. వీలైతే జూన్ మొదటి వారానికి జరపండి, ఊళ్లో కాస్త సందడి మొదలవుతుంది.

నేర్చుకోవడానికి సంక్రాంతి సెలవులు సరైనవి. క్రిస్మస్, న్యూ ఇయర్ రద్దీ తగ్గాక జనవరి రెండో వారం నుంచి గదుల రేట్లు కాస్త దిగుతాయి, మంచు బాగుంటుంది, స్కీ స్కూళ్లన్నీ నడుస్తుంటాయి. అయితే పగలు పొట్టి, చలి గట్టి. ఇంటి ముందు గొబ్బెమ్మలు వదులుకుని వెళ్లాలి మరి, అది మీ ఇష్టం.

మా ఓటు దసరా సెలవులకి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో నడక దారులు తెరిచే ఉంటాయి, ఆకాశం తేటగా ఉండే రోజులు ఎక్కువ, లార్చ్ చెట్లు అక్టోబరులో బంగారు రంగుకి తిరుగుతాయి, పైన హిమానీనదం మీద స్కీయింగూ ఉంటుంది. అక్టోబరు మూడో వారం దాటితే మళ్లీ ఖాళీ సీజన్ మొదలు.

వీసా, బీమా

స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలన్నిటికీ కలిపి పనికొచ్చే షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి, కానీ ఆ చివరి గడువుని నమ్ముకోవద్దు. వేసవికి వెళ్లేవాళ్లందరూ మార్చి, ఏప్రిల్‌లో ఒకేసారి పడతారు, స్లాట్లు దొరకవు. మూడు నెలల ముందే వీసా దరఖాస్తులు తీసుకునే హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ సెంటర్లో అపాయింట్‌మెంట్ పట్టుకోండి. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి కుటుంబమంతా వెళ్లాలి, 12 ఏళ్ల లోపు పిల్లలకి ముద్రలు అక్కర్లేదు. ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల వాళ్లకి 45, ఆరేళ్ల లోపు ఉచితం. సెంటర్ సర్వీసు చార్జీ దీనికి అదనం. పారిస్ కూడా చూసి వచ్చే ఆలోచన ఉంటే, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఇక్కడ లెక్క తప్పితే దరఖాస్తు తిరిగొస్తుంది.

వీసాకి 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఏజెంటు చవకగా చేసిచ్చే పాలసీ వీసాకి పనికొస్తుంది కానీ చాలా వాటిలో మంచు క్రీడలకి కవర్ ఉండదు. పాలసీ కాగితంలో స్కీయింగ్, హెలికాప్టర్ రెస్క్యూ అనే మాటలు ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. కొండ మీద కాలు విరిగితే వచ్చేది ఎయిర్ జెర్మాట్ హెలికాప్టర్, బిల్లు వేల స్విస్ ఫ్రాంకుల్లో ఉంటుంది, కట్టాల్సింది మీరే. ఫ్రాంకు వంద రూపాయలు ఎప్పుడో దాటింది. అక్కడ అంబులెన్స్ నంబరు 144, ఫోనులో ముందే దాచుకోండి.

కాళ్లు, బట్టలు

స్కీయింగ్‌లో ముందుగా అలిసేవి తొడల ముందు కండరాలు. మోకాళ్లు వంచి గంటల తరబడి బరువు ఆపాలి. కనీసం ఆరు వారాల ముందు నుంచి మెట్లు దిగడం అలవాటు చేసుకోండి. ఎక్కడం కాదు, దిగడం ముఖ్యం. ఇంద్రకీలాద్రి మెట్లో, మంగళగిరి పానకాల స్వామి కొండ మెట్లో వారానికి మూడుసార్లు ఎక్కి, నెమ్మదిగా, మోకాలు మెత్తగా వంచుతూ దిగండి. ఇంట్లోనైతే గోడకుర్చీ: 45 సెకన్లు కూర్చుని, నిమిషం ఆగి, ఐదుసార్లు. బడిలో శిక్షగా వేయించిందే, ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది.

బట్టల్లో అందరూ చేసే పొరపాటు కాటన్. బీసెంట్ రోడ్డులో థర్మల్స్ అడిగితే చేతిలో పెట్టేవాటిలో ఎక్కువ కాటన్ కలిసినవే. స్కీ చేస్తుంటే చెమట పడుతుంది, కాటన్ దాన్ని పీల్చుకుని ఆరదు, లిఫ్టులో కూర్చోగానే ఒంటికి అతుక్కుని వణుకు పుట్టిస్తుంది. లేబుల్ చదివి పాలియెస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ తీసుకోండి. దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగు స్వెటర్, ఆపైన గాలి, నీరు చొరబడని జాకెట్టు. జాకెట్టు, స్కీ ప్యాంటు జెర్మాట్‌లోనే అద్దెకి దొరుకుతాయి, ఏడాదికోసారి వాడే వాటిని కొనడం దండగ. ఉన్ని గ్లవ్స్ మంచు తగలగానే తడిసిపోతాయి, వాటర్‌ప్రూఫ్‌వి కావాలి. సినిమా పాటల్లో షిఫాన్ చీరతో మంచులో తిరిగే హీరోయిన్‌కి కెమెరా వెనక ఎవరో రజాయి పట్టుకుని ఉంటారు. మీ వెనక ఎవరూ ఉండరు.

నల్ల కళ్లద్దాలు మాత్రం మర్చిపోవద్దు. ఎత్తు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకి పది శాతం దాకా పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా మళ్లీ ముఖానికే కొడుతుంది. అద్దాలు లేకుండా ఒక పూట తిరిగితే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు కారడం. మన ఒంటి రంగుకి ఎండ దెబ్బ తగలదనే ధీమా కూడా వద్దు. ఎస్‌పీఎఫ్ 50 క్రీము గడ్డం కింద, ముక్కు రంధ్రాల చుట్టూ కూడా రాయాలి, ఎందుకంటే అక్కడ ఎండ కింద నుంచి వస్తుంది.

ఊరు చేరడం

గన్నవరం నుంచి నేరుగా యూరప్ విమానం లేదు. శంషాబాద్ వెళ్లి గల్ఫ్ మీదుగా గానీ, ఢిల్లీ, ముంబై మీదుగా గానీ జ్యూరిక్ చేరాలి. జ్యూరిక్ ఎయిర్‌పోర్టు కిందనే రైల్వే స్టేషన్. అక్కడి నుంచి విస్ప్ దాకా ఒక రైలు, విస్ప్‌లో మారితే జెర్మాట్ దాకా ఇంకో ఎర్ర రైలు, మొత్తం మూడున్నర గంటలు. విస్ప్‌లో మారడానికి ఉండేది కొద్ది నిమిషాలే. మనిషికి రెండేసి 23 కిలోల సూట్‌కేసులతో దిగే కుటుంబాలు ఇక్కడే రైలు తప్పుతాయి. మనిషికొకటి చాలు. మధ్యలో 2007లో తెరిచిన 34.6 కిలోమీటర్ల లోచ్‌బెర్గ్ సొరంగం వస్తుంది. కొండలన్నీ దాని పైన ఉండిపోతాయి కాబట్టి అప్పుడు పిల్లల్ని నిద్రపోనివ్వండి. విస్ప్ దాటాక మాత్రం లేపాలి.

కారు అద్దెకి తీసుకునే ఆలోచన ఉంటే, పెట్రోలు బండ్లు జెర్మాట్‌లోకి రానివ్వరని తెలుసుకోండి. ఐదు కిలోమీటర్ల ముందు టేష్‌లో పార్కింగ్ చేసి, 12 నిమిషాల షటిల్ రైలు ఎక్కాలి. ఊళ్లో తిరిగేవి చిన్న బ్యాటరీ బండ్లు. చాలా హోటళ్లు స్టేషన్‌కి తమ బండి పంపుతాయి, ఏ రైలుకి దిగుతున్నారో ముందు రోజు మెయిల్ చేయండి.

పాస్ విషయం. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. జెర్మాట్ దాకా రైళ్లన్నీ అందులోనే వస్తాయి, జెర్మాట్ నుంచి కొండ పైకి వెళ్లే గోర్నర్‌గ్రాట్ రైలు, కేబుల్ కార్ మాత్రం సగం ధర. రానుపోను వంద ఫ్రాంకుల అటూ ఇటూ ఉండే టికెట్లు కాబట్టి ఆ సగం చిన్నదేం కాదు. 16 ఏళ్ల లోపు పిల్లలకి తల్లిదండ్రుల పాస్‌తో పాటు ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు, కానీ అడగాలి.

ఊరి పాత భాగం హింటర్‌డోర్ఫ్ ఒక అరగంట నడవదగ్గది. ఎండకి నల్లబడ్డ చెక్క ధాన్యపు కొట్లు పొట్టి కాళ్ల మీద నిలబడి ఉంటాయి. ప్రతి కాలికీ కొట్టుకీ మధ్య వెడల్పాటి గుండ్రటి బండరాయి ఒకటి పరిచి ఉంటుంది, ఎలుక కాలెక్కినా ఆ రాతి అంచు దాటి పైకి పోలేదు. మన డెల్టాలో గరిసెలు కట్టినవాళ్ల కష్టమే వాళ్లదీ. మాటర్‌హార్న్ మ్యూజియంలో 1865 జులై 14న తొలిసారి శిఖరం ఎక్కి దిగుతున్నప్పుడు తెగిన తాడు ఉంది. ఎడ్వర్డ్ వింపర్ బృందం ఏడుగురిలో నలుగురు ఆ దిగుడులోనే పోయారు. తాడు సన్నదనం చూస్తే నమ్మబుద్ధి కాదు.

స్కీ లేకుండా మంచు

టికెట్లు ముందు రోజు కొనకండి. పొద్దున లేచి హోటల్ టీవీలో గానీ ఫోనులో గానీ పై స్టేషన్ల వెబ్‌క్యామ్ చూడండి. తెల్లగా ఏమీ కనపడకపోతే వంద ఫ్రాంకులు మబ్బులో పోసినట్టే. తేటగా ఉంటే వెంటనే బయల్దేరండి, మధ్యాహ్నానికి మాటర్‌హార్న్ చుట్టూ మబ్బు కట్టే రోజులు ఎక్కువ.

మొదటి రోజుకి గోర్నర్‌గ్రాట్ మంచిది. 1898 నుంచి నడుస్తున్న పళ్ల చక్రాల కరెంటు రైలు, 33 నిమిషాల్లో 3,089 మీటర్లకి చేరుస్తుంది. ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చోండి. దిగేటప్పుడు రోటెన్‌బోడెన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే రిఫెల్‌సే చెరువు, నీడ ఫొటో ఇక్కడే. జులై నుంచి సెప్టెంబరు దాకా, గాలి లేని ఉదయం మాత్రమే కుదురుతుంది.

3,883 మీటర్ల స్టేషన్‌కి రెండో రోజో మూడో రోజో వెళ్లండి. బెజవాడ, గుంటూరు సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న ఊళ్లు. పైన గాలి ఒత్తిడి అక్కడిదాంట్లో 62 శాతం దాకానే ఉంటుంది, ఊపిరికి అందే ఆక్సిజనూ అంతే. ముప్పావు గంటలో లిఫ్టు మిమ్మల్ని పైన పడేస్తుంది, ఒంటికి సర్దుకునే వ్యవధి ఉండదు. మధ్యలో 2,939 మీటర్ల ట్రోకెనర్ స్టెగ్ దగ్గర దిగి అరగంట కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు పై కేబుల్ కార్ ఎక్కండి. పైన మెట్లు గబగబా ఎక్కవద్దు. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే మాత్ర వేసుకుని కూర్చోవడం కాదు, దిగిపోవడమే మందు. ట్రోకెనర్ స్టెగ్‌కి రాగానే చాలామందికి తేలికవుతుంది. గంటా, గంటన్నర పైన ఉంటే సరిపోతుంది. గుండె, ఆస్తమా సమస్యలున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ముందే డాక్టరుకి ఈ ఎత్తు అంకెతో సహా చెప్పి అడగండి. చంటిపిల్లల్ని అంత పైకి తీసుకెళ్లకపోవడమే మేలు.

కింది లిఫ్ట్ స్టేషన్ ఊరికి దక్షిణం చివర, రైల్వే స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక. గోర్నర్‌గ్రాట్ రైలు మాత్రం స్టేషన్ ఎదురుగానే.

చలికాలంలో నేర్చుకోవడం

మొదటిసారి వాళ్లకి చోటు సున్నెగ్గా, 2,288 మీటర్లు. ఊళ్లోంచి సొరంగంలో నడిచే ఫ్యునిక్యులర్, అంటే తాడు లాగే వాలు రైలు, ఐదు నిమిషాల్లో చేరుస్తుంది. లెయిసే చెరువు పక్కన నేర్చుకునేవాళ్ల మైదానం, నిలబడితే వాలు పైకి తీసుకెళ్లే కదిలే పట్టీ ఉంటాయి. స్కూల్లో గ్రూపు క్లాసు ముందే బుక్ చేసుకోండి. యూట్యూబ్ చూసి నేర్చుకుందామనుకుంటే మోకాలికి ఖర్చు.

అద్దె సామాన్ల షాపులో తొందరపడకండి, మొత్తం అనుభవం బూటు మీదే ఆధారపడి ఉంటుంది. బూటు సైజు పాదం పొడవుని సెంటీమీటర్లలో చెప్తారు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగానికి లీలగా తగలాలి, మోకాలు వంచితే వెనక్కి తప్పుకోవాలి. మన చెప్పుల అలవాటుతో వదులు బూటు హాయిగా తోచి అదే తీసుకుంటారు. అందులో మడమ లేస్తుంది, మీరు ఒకవైపు తిరిగితే స్కీ ఇంకోవైపు పోతుంది. లోపల ఒక్క జత పొడవు సాక్స్ మాత్రమే. థర్మల్ ప్యాంటు అంచు బూటులో దూర్చితే ఆ ముడత పిక్క ముందు ఎముకని గంటలో కందిస్తుంది, మోకాలి కిందనే ఆపండి. స్కీ పొడవు కొత్తవాళ్లకి గడ్డం దాకా ఉంటే చాలు.

షాపువాడు బరువు, ఎత్తు, వయసు అడుగుతాడు. మొహమాటపడి బరువు తగ్గించి చెప్పకండి. పడ్డప్పుడు బూటు స్కీ నుంచి ఎంత బలానికి ఊడాలో ఆ లెక్కతోనే బిగిస్తాడు. తగ్గించి చెప్తే మామూలు మలుపులోనే ఊడుతుంది, పెంచి చెప్తే ఊడాల్సినప్పుడు ఊడక మోకాలు మెలి తిరుగుతుంది. స్కీ తగిలించేముందు బూటు అడుగున మంచు ముద్ద గోకేయండి. ముందు వేళ్ల వైపు దూర్చి, తర్వాత మడమ గట్టిగా తొక్కితే టక్‌మని చప్పుడు రావాలి. చప్పుడు రాలేదంటే అడుగున మంచు ఉన్నట్టే.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు వెనక్కి వాలడం. భయం వేయగానే ఒళ్లు వాలుకి దూరంగా పోవాలనుకుంటుంది, వెనక్కి వాలగానే స్కీల ముందు భాగం తేలిపోతుంది, ఇక వాటికి చెప్పినట్టు వినే పనుండదు. పిక్క ముందు భాగం బూటు నాలుకకి ఎప్పుడూ ఆనుకుని ఉండాలి, చేతులు ముందుకి కనపడాలి. ఆగడానికి స్కీల కొసలు దగ్గరికి, మడమలు దూరానికి నెట్టి ఆంగ్ల అక్షరం ఎ ఆకారం చేయాలి. పట్టు తప్పితే పక్కకి, కొండ వైపు కూలబడండి. లేవాలంటే ముందు స్కీలని వాలుకి అడ్డంగా, మీ ఒంటికి కింది వైపున పెట్టుకోవాలి. నిలువుగా పెట్టి లేస్తే లేచీ లేవగానే జారతారు.

దారుల రంగు: నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం, పసుపు గుర్తు ఉన్నవి చదును చేయనివి. మీ ముందు ఉన్నవాడికే హక్కు, వెనక నుంచి వచ్చేవాడే తప్పుకోవాలి. ఆగాలంటే దారి అంచున ఆగండి, మిట్ట వెనక ఎన్నడూ ఆగవద్దు. మొదటి మూడు రోజులు ఊళ్లోకి స్కీ మీద దిగాలని చూడకండి, ఫ్యునిక్యులర్ ఉంది.

వేసవి హిమానీనదం

ఇది నేర్చుకునే చోటు కాదు. నీలం దారులు ధైర్యంగా దిగగలిగిన వాళ్లకే. ఎత్తు ఒక కారణం, అక్కడి లిఫ్టులు ఇంకో కారణం. ఎక్కువగా టీ-బార్‌లు: తాడుకి వేలాడే కర్ర నడుము కింద ఆనుతుంది, మీరు నిలబడే ఉండాలి, అది లాక్కెళ్తుంది. కుర్చీ అనుకుని దాని మీద కూర్చుంటే సాగి కింద పడేస్తుంది. పడ్డారా, స్కీలు పక్కకి లాక్కుని వెంటనే దారి ఖాళీ చేయండి, వెనక జంట వస్తుంటుంది.

తెల్లవారాక మొదటి లిఫ్టులోనే వెళ్లాలి. రాత్రి గట్టిపడ్డ మంచు ఉదయం బాగుంటుంది, పదకొండు దాటాక మెత్తబడి బురదవుతుంది, మోకాళ్లకి చేటు. గుర్తులు పెట్టిన దారి దాటి ఒక్క గజం కూడా పక్కకి పోవద్దు, మంచు కప్పిన పగుళ్లు పైకి కనపడవు. ఇటలీ వైపు దిగాలనుకుంటే పాస్‌పోర్టు జేబులో ఉంచుకుని, తిరుగు లిఫ్టు ఆఖరి సమయం రాసుకోండి. అది తప్పితే జెర్మాట్‌కి రోడ్డు మీద కొండలన్నీ చుట్టి గంటల తరబడి టాక్సీలో రావాలి.

తిండి

కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఖర్చు సగం కలిసొస్తుంది. స్టేషన్ దగ్గరే కూప్ సూపర్‌మార్కెట్ ఉంది, బియ్యం, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. కుళాయి నీళ్లు తాగొచ్చు. కందిపొడి, గోంగూర, ఆవకాయ తీసుకెళ్లొచ్చు, చెక్-ఇన్ లగేజీలో రెండు కవర్లు చుట్టి పెట్టండి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆవకాయ అక్కడే ఉండిపోతుంది. మాంసం, పాల పదార్థాలు ఇక్కడి నుంచి తీసుకెళ్లడం నిషేధం. అంటే నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు.

జెర్మాట్ ఎత్తులో నీళ్లు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతకీ మెదగదు. పెసరపప్పు తీసుకెళ్లండి, లేదా రెండు లీటర్ల చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి. అక్కడ ఎక్కువగా ఇండక్షన్ పొయ్యిలు, అడుగు ఇండక్షన్‌ది కాకపోతే కుక్కర్ వేడెక్కదు. మన మూడు పిన్నుల ప్లగ్గు వాళ్ల సాకెట్‌లో పట్టదు, స్విస్ అడాప్టర్ కావాలి. ఎండుమిరపకాయల తాలింపు వేసేముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి కిటికీ తెరవండి. పొగ అలారం మోగితే కింద నుంచి హోటల్‌వాళ్లు వచ్చేస్తారు.